అత్తా, పల్లీలున్నయా?

మా శ్రీజ పెదవి ఒక పక్క ఉబ్బి కనిపించిన రోజు, కందిరీగ కుట్టిందేమో అనుకున్నాను. హనుమకొండలో మాది గిన్నెల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ఆ పొద్దున ఇడ్లీలోకి పల్లీ చట్నీ చేసి, పిల్ల నోట్లో రెండు ముక్కలు పెట్టి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళాను. అప్పటికి దానికి మాటలు పూర్తిగా రాలేదు. ఏమైందో చెప్పలేక నాలుక బయటపెట్టి గోళ్ళతో గీరుకుంటోంది. చూస్తుండగానే మెడ మీద, పొట్ట మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి.

మా ఆయన వాళ్ళక్క, అంటే మా వదిన, మా వెనక వీధిలోనే ఉంటుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. అందుకని మా ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. పిల్లను చూసి, ఒంట్లో వేడి చేసిందని, సబ్జా నీళ్ళు తాపమంది. తాపాను. మధ్యాహ్నానికి దద్దుర్లు వాటంతటవే తగ్గాయి. చూసినవా నేను చెప్పలేదా అని వదిన ఒక వారం రోజులు వాడంతా చెప్పుకుంది.

రెండోసారి మాత్రం సబ్జా నీళ్ళతో పోలేదు. పక్కింటి వాళ్ళు పిల్ల చేతిలో పల్లీపట్టి ముక్క పెట్టారు. సగం తినీ తినకముందే వాంతి చేసుకుంది. తర్వాత దగ్గు మొదలైంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలోంచి ఈల వేసినట్టు చప్పుడు. మా ఆయన దుకాణం షటర్ కూడా దించకుండా బండి తీశారు. పిల్లల దవాఖానలో నెబులైజర్ పెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, ఊపిరి కుదుటపడ్డాక డాక్టర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి ఏమేం తిన్నదో అడిగారు. ఇడ్లీ రోజు సంగతి కూడా చెప్పాను.

"ఇది పీనట్ అలర్జీలా ఉందమ్మా. స్కిన్ ప్రిక్ టెస్ట్ చేద్దాం, బ్లడ్‌లో అలర్జీని చూపించే ఐజీఈ కూడా చూద్దాం" అన్నారు.

కొన్నాళ్ళు ఆగి ఆ టెస్ట్ చేశారు. ముంజేతి మీద రకరకాల తిండి రసాలు వరసగా చుక్కలు వేసి, ఒక్కో చుక్క దగ్గర సూదిమొనతో మెల్లగా గుచ్చారు. పాలు, గుడ్డు, గోధుమ చుక్కలు మామూలుగానే ఉన్నాయి. పల్లీ చుక్క మాత్రం దోమ కుట్టినట్టు లేచింది. బ్లడ్ రిపోర్ట్ కూడా అదే మాట చెప్పింది. పాలు, గుడ్డు పడని పిల్లలకు పెద్దయ్యేకొద్దీ చాలామందికి పోతుందట. పల్లీ మాత్రం చాలామందిని వదలదట. ఒంటికి పల్లీ శత్రువులా కనిపిస్తుందనీ, దాన్ని తరమబోయి ఒళ్ళే తనకు తాను హాని చేసుకుంటుందనీ ఆయన ఓపిగ్గా చెప్పారు.

"కొంచెం తింటే కొంచెమే వస్తుంది అనుకోకండి. పోయినసారి దద్దుర్లతో పోయింది కాబట్టి ఈసారీ అంతే అనుకోకండి" అని కూడా చెప్పారు. ఆ మాటలు నేను ఇంటికొచ్చి వదినకు ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్పాను. ఆమె వినలేదని తర్వాత తెలిసింది.

ఒట్టి దద్దుర్లకైతే తాగించే అలర్జీ మందు, యాంటీహిస్టమిన్, ఇమ్మన్నారు. ఊపిరి ఆడకపోయినా, గొంతు మారినా, వాంతులై పిల్ల వాలిపోయినా అడ్రినలిన్ ఇంజెక్షన్. పెన్నులా నేరుగా గుచ్చే రకం మా దగ్గర దొరకలేదు. అందుకని డాక్టర్ గారు పిల్ల బరువుకు తగిన డోసు రాసిచ్చి, మందు సిరంజిలోకి ఎట్లా తీయాలో, తొడకు బయటి పక్క ఎక్కడ వేయాలో నాతో బత్తాయి మీద మళ్ళీ మళ్ళీ చేయించారు. మొదట్లో మందు సగం బయటే కారిపోయింది. సరిగ్గా వచ్చేదాకా ఆయన వదల్లేదు.

పల్లీ లేని వంట ఎంత కష్టమో మన వైపు ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? చట్నీలో పల్లీ, వంకాయ కూరలో పల్లీ, పులిహోరలో పల్లీ, సర్వపిండిలో పల్లీ. ఇంట్లో పల్లీ అన్నదే లేకుండా చేశాను. మిక్సీ జార్లు మార్చాను. బయట కొన్న ప్రతి ప్యాకెట్ వెనక చదివాను. అన్నిటికన్నా ముఖ్యంగా పిల్లకు అడగడం నేర్పాను. ఎవరేం పెట్టినా, చేయి చాపకముందే పల్లీలున్నయా అని అడగాలి. అది బుద్ధిగా నేర్చుకుంది. గుళ్ళో పూజారిని అడిగింది, మిఠాయి దుకాణంలో అడిగింది, స్కూల్లో పుట్టినరోజు చాక్లెట్ ఇచ్చిన పిల్లనూ అడిగింది.

వదినకు ఇదంతా వేషంగా కనిపించింది. మనమంతా పల్లీలు తినే పెరిగినమనీ, నేను పిల్లను గాజుబొమ్మను చేస్తున్నాననీ, ఇది దవాఖానోళ్ళు పెట్టిన రోగమనీ నాకు వినబడేటట్టే అనేది. నేను పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను. పెంచిన అక్క కదా అని మా ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

శ్రీజ బడిలో చేరిన ఏడు సద్దుల బతుకమ్మ నాడు ఏం జరిగిందో చెబుతాను. బతుకమ్మను నీళ్ళలో వదిలి వచ్చాక ఆడవాళ్ళం సత్తు, అంటే బెల్లమో చక్కెరో కలిపి దంచిన పొడి, పంచుకుంటాం. నువ్వుల సత్తు, పల్లీల సత్తు, కొబ్బరి సత్తు, ఎవరి ఇంటిది వాళ్ళు తాంబాళంలో తెచ్చి, వాయనం ఇచ్చి పుచ్చుకుంటాం. ఆ రోజు ఇచ్చినదాన్ని వద్దనకూడదు. మా వాడలో వదిన సత్తుకు పెద్ద పేరు. ఆమె తాంబాళం ముందుగా ఖాళీ అవుతుంది. నేను నాలుగడుగుల దూరంలో ఉండి ఎవరికో వాయనం ఇస్తున్నాను. శ్రీజ పట్టులంగా పట్టుకుని వాళ్ళ అత్త ముందు నిలబడి అడగడం నా చెవులతో విన్నాను.

"అత్తా, పల్లీలున్నయా?"

"లేవు బిడ్డా. ఉత్త కొబ్బరే. అమ్మవారిది, కండ్లకద్దుకొని తిను."

పిల్ల కళ్ళకద్దుకుంది. తిన్నది.

నేను వాయనం ముగించి తిరిగేసరికి దగ్గుతోంది. అమ్మా అని పిలిస్తే గొంతు దాని గొంతులా లేదు. వాంతి చేసుకుంది, పెదాలు నల్లబడ్డాయి. నా నడుముకు కట్టుకున్న సంచిలోనే ఇంజెక్షన్ ఉంది. మందు సిరంజిలోకి తీసి, పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, లంగా పైకి జరిపి, తొడకు వేశాను. ఈసారి ఒక్క చుక్క బయట పడలేదు. ఎవరో ఆటో పిలిచారు. దవాఖానకు చేరేసరికి కొంత ఊపిరి తీసుకుంటోంది. అక్కడ ఇంకో డోసు ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. తగ్గిందిలే అనుకుంటుంటే కొన్ని గంటలకు దద్దుర్లు, దగ్గు మళ్ళీ వచ్చాయి. దీన్ని బైఫేసిక్ రియాక్షన్ అంటారట. అందుకే తగ్గినా అబ్జర్వేషన్‌లో ఉంచుతారట.

పిల్ల ఏం తిన్నదని డాక్టర్ గారు అడిగితే, కొబ్బరి సత్తు తప్ప ఏమీ లేదని నేను ఒట్టేసి చెబుతున్నాను. వదిన గోడకానుకుని నిలబడింది. చివరికి తమ్ముడి వైపు చూసి నోరు విప్పింది.

"జర్రంతనే కలిపిన తమ్మీ. జర జర తింటాంటే అలవాటైతదని ఫోన్ల చూసిన. ప్రసాదమైతే ఏం గాదనుకున్న."

డాక్టర్ గారు అరవలేదు. అలవాటు చేసే చికిత్స ఒకటి ఉన్న మాట నిజమే, కానీ అది కొందరు పిల్లలకే, ఆ స్పెషలిస్టుల చేతుల్లో, దవాఖానలో జరిగేదని చెప్పారు. "ఇంట్లో ఇట్లా చేస్తే పిల్ల చచ్చిపోతుందమ్మా" అన్నారు. వదిన ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నాకు ఒళ్ళు మండిందే తప్ప మనసు కరగలేదు.

పిల్ల ఒళ్ళు తేరుకుంది. మనసే తేరుకోలేదు. ఇంటికొచ్చాక నేను కలిపిన పెరుగన్నం ముద్దను వాసన చూసింది. పల్లీలున్నయా అని అడిగింది. లేవన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ లేవన్నాను. కంచం పక్కకు జరిపి, "నువ్వు గూడ అబద్ధం చెప్తాన్నవా అమ్మా?" అంది. అప్పుడు తీర్మానించుకున్నాను, వదినను ఊరికే వదలొద్దని. ఉప్పూ కారం తినే మనిషిని. పల్లీ తెలియక కలిసి ఉంటే క్షమించేదాన్నేమో. నేను నేర్పినట్టే నా బిడ్డ నోరు తెరిచి అడిగింది, ఆమె దాని మొహం మీదే అబద్ధం చెప్పింది.

వదిన వండి పంపిన గిన్నెలు మూత తీయకుండా తిప్పి పంపాను. దుకాణానికి స్టీలు డబ్బా కొనడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ డబ్బాతో పాటు ఆ కథ కూడా ఇచ్చాను. మా ఆయన రెండుసార్లు ఒక్కతే అక్క కదా అన్నారు. నాకూ ఒక్కతే బిడ్డ అన్నాను. మూడోసారి అనలేదు. కొన్నాళ్ళకు వదినే కొత్త పట్టులంగా పట్టుకుని వచ్చింది, తప్పయింది మర్చిపో రజితా అంటూ.

"నాకెందుకు చెప్తవు వదినా? అబద్ధం నాకు చెప్పలే. ఎవ్వరికి చెప్పినవో ఆమెకే చెప్పు. ఎక్కడ చెప్పినవో అక్కడ్నే చెప్పు" అన్నాను.

అందరి ముందు చిన్నపిల్ల దగ్గర తప్పు ఒప్పుకోవాలా అని ఆమె మొహం ఎర్రబడింది. లంగా తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ సద్దుల బతుకమ్మ వచ్చేదాకా మా మెట్లెక్కలేదు. నేనూ పిలవలేదు. ఆ ఏడాదంతా ఆమె వీధిలో తల దించుకుని పోతుంటే మేడ మీద బట్టలు ఆరేస్తూ చూశాను. అబద్ధమెందుకు, నాకు బాగానే ఉండేది.

బతుకమ్మ నాడు ఆమె రాదనుకున్నాను. తమ్ముడి ఇంటి గడప మళ్ళీ తొక్కాలనుకుందో ఏమో, తాంబాళం పట్టుకుని నీళ్ళ ఒడ్డుకు వచ్చింది. సత్తు పంచుకునే వేళ శ్రీజ నా చేయి వదిలి తనంత తానే వెళ్ళి ఆమె ముందు నిలబడింది. అంతా చూస్తున్నారు.

"అత్తా, పల్లీలున్నయా?"

వదిన తాంబాళం కింద పెట్టింది. తర్వాత, "ఉన్నయి బిడ్డా. తినకు. పోయినేడు గూడ ఉండె. లేవని నేనే అబద్ధం చెప్పిన. తప్పయింది" అంది.

చుట్టూ ఉన్న తల్లులు తమ పిల్లల చేతులు మెల్లగా వెనక్కి లాక్కున్నారు. ఆ సాయంత్రం వదిన చేతి వాయనం ఒక్కరూ పుచ్చుకోలేదు. వాడలో అందరికంటే ముందు ఖాళీ అయ్యే తాంబాళం నిండుగానే ఇంటికి తిరిగి వెళ్ళింది. జాలి పడాల్సిందని కొందరన్నారు. వాళ్ళ పిల్లల పెదాలు నల్లబడటం వాళ్ళు చూడలేదు.

ఇప్పుడు శ్రీజ మామూలుగా బడికి వెళ్తోంది. ఆడుతుంది, పాడుతుంది, నా చేతి ముద్ద వాసన చూడకుండా తింటుంది. టీచర్లకు కూడా ఇంజెక్షన్ వేయడం డాక్టర్ గారితోనే నేర్పించాం. ఇట్లాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. ఆ ఇంజెక్షన్ సంచి ఇంట్లో అల్మారాలో కాదు, పిల్ల ఎక్కడుంటే అక్కడ ఉండాలి. ఊపిరి కష్టమైతే తాగే మందు పోసి చూద్దామని ఆగకండి. ముందు ఇంజెక్షన్, వెంటనే దవాఖాన.

వదిన మళ్ళీ మా ఇంటికి వస్తోంది. మా ఆయన కోసం రానిస్తున్నాను, క్షమించి కాదు. వచ్చిన ప్రతిసారీ చేతిలో అరటిపండు ఉన్నా సరే, శ్రీజ గుమ్మంలోనే ఆపి, పల్లీలున్నయా అని గట్టిగా అడుగుతుంది. అట్లా అడగమని నేనే చెప్పాను. అత్త ఉన్నన్నాళ్ళూ అడగమన్నాను. ఆమె ప్రతిసారీ నిలబడి జవాబు చెబుతుంది. వంటింట్లో నేను ఆ జవాబు వినడానికి, పొయ్యి తగ్గించి మరీ నిలబడతాను.