పైపు నిండా నీళ్ళు

గుంటూరు బస్సులో పక్కసీటు ఆవిడ ఫోన్‌లో ఫోటో చూడగానే గుర్తుపట్టాను. అది నేను పనిచేసే కార్బన్ ప్రాజెక్టు వాళ్ళు నీటిమట్టం చూడ్డానికి వరి మడిలో పాతే పైపు. మడిని మధ్యమధ్య ఆరబెడితే మీథేన్ వాయువు తగ్గుతుంది, అందుకు రైతుకి డబ్బులిస్తారు. ఆరిందనడానికి పైపు ఫోటోనే సాక్ష్యం. ఆవిడ పైపులో మాత్రం నిండా నీళ్ళున్నాయి.

"కాలవ వదిలారమ్మా, మడి నిండిపోయింది," అంది.

"ఇది పంపితే మీ పొలం లిస్టులోంచి తీసేస్తారు ఆంటీ. పోయినసారి ఫోటోనే మళ్ళీ పెట్టేయండి, ఎవడు చూస్తాడు?"

"నువ్వట్టాగే పెడతావా ఏంటి?" అని నవ్వి, ఆ నీళ్ళ ఫోటోనే పంపేసింది. ఫోన్ సంచిలో పడేసి, మంగళగిరి రాకముందే గురకపెట్టింది.

ఆ గురక వింటూ, ఒకే ఎండిన పైపు ఫోటోని ఎన్ని పొలాల పేర్లతో పంపానో నా ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చున్నాను. బస్సులో హాయిగా నిద్రపోయేవాళ్ళంటే నాకిప్పటికీ కుళ్ళే.