మంటల్లోంచి కాపాడిన రాయి

పాప పుట్టాకే నాకు భయాలు పట్టుకున్నాయని మా ఆయన ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంటాడు. ద్రాక్షపండును నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్ళీ రెండు చేసి పాపకు పెట్టే మనిషిని చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. కాని ఆ రోజుల్లో, అంటే పెళ్ళికి ముందు ఒహాయోలో ఎమ్మెస్ చదువుకునే రోజుల్లో, నా భయానికి ఇంత పని ఉండేది కాదు గాని, దొరికిన పని మాత్రం శ్రద్ధగా చేసేది.

అప్పుడు నేను యూనివర్సిటీ మ్యూజియంలో పనిచేసేదాన్ని. పాత వస్తువును తిరిగే పీట మీద పెట్టి, అన్ని వైపులా ఫోటోలు తీసి, కంప్యూటర్‌లో దాని త్రీడీ బొమ్మ తయారుచేయాలి. ఆ పని ఉన్నన్నాళ్ళే నాకు ఫీజు మాఫీ. పని పోతే చదువూ పోయినట్టే, తెనాలి వెళ్ళిపోవడమే. మా ప్రొఫెసర్‌ని మేం గడ్డం సార్ అనుకునేవాళ్ళం. ఆ చలికాలం ఆయన స్కాట్లండ్ నుంచి ఒక రాతి బంతిని అరువు తెప్పించారు. బత్తాయంత ఉంటుంది. చుట్టూ ఆరు బుడిపెలు, ఒక బుడిపె నిండా సన్నటి మెలికల గీతలు. లోహమంటే ఎరగని కాలంలో, దాదాపు ఐదువేల ఏళ్ళ నాడు, ఎవరో రాయితో రాయిని చెక్కి చేశారట. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆయుధమని కొందరు, తూకపురాయని కొందరు, పదిమంది కూడినచోట అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలని ఇంకొందరు. "నీకేమనిపిస్తుంది?" అని సార్ అడిగితే "జారిపడుతుందనిపిస్తుంది సార్" అన్నాను. ఆయన నవ్వారు. నేను సరదాకి అనలేదు.

ఒక శుక్రవారం సార్ కాఫీ తెస్తానని వెళ్ళారు. గదిలో నేనూ, బంతీ. అంతలో ఫైర్ అలారం మోగింది. మోగితే ఎక్కడివక్కడ వదిలేసి బయటికి నడవాలని పనిలో చేరిన రోజే చెప్పారు. రెండడుగులు వేశాను కూడా. వెనక్కి తిరిగి చూస్తే అది పీట మీద ఒంటరిగా కూర్చుని ఉంది. అంతే, రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగేశాను.

పార్కింగ్ లాట్‌లో మంచు కురుస్తోంది. తలుపు దాటాక గాని తెలియలేదు, నా కోటు లోపలే ఉండిపోయిందని. చేతులకున్న పల్చటి రబ్బరు గ్లవ్స్ చలిని ఆపవు సరిగదా, జారతాయి. కింద పెడదామంటే సిమెంటు. ఎవరికైనా ఇద్దామంటే మనసొప్పదు. వేళ్ళు ఒక్కొక్కటే నావి కాకుండా పోతున్నాయి. ఆ స్థితిలో పక్క బిల్డింగ్ నుంచి నా రూమ్మేట్ వచ్చింది. కరీంనగర్ పిల్ల. ఆజ్ఞలు తప్ప మాటలు తెలియవు కాబట్టి అందరం రాణి అని పిలిచేవాళ్ళం.

"ఏందే, కోటేది?"

"లోపలుంది."

"చేతులల్ల గదేంది?"

"రాయే. స్కాట్లండ్‌ది. పడిందంటే నా ఫీజు మాఫీ పోతుంది. కాస్త పట్టుకో... వద్దు, పట్టుకోకు."

"మంటలల్ల కోటు ఇడిసిపెట్టి రాయి తెచ్చినవా? రాయి కాల్తదానే పిచ్చిదానా?"

నిజమే. ఆ బిల్డింగ్‌లో కాలనిది బహుశా అదొక్కటే. (ఎమ్మెస్‌లో నాకు మంచి మార్కులే వచ్చేవి.)

"కూసో ముందు" అని రాణి నన్ను పేవ్‌మెంట్ అంచున కూలేసింది. సాయంత్రం తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందు ఉందని వేసుకొచ్చిన కొత్త గులాబీ రంగు చున్నీని మెలితిప్పి, కుండ కింద పెట్టే చుట్టకుదురులా చుట్టి, నా ఒళ్ళో పెట్టింది. బంతి అందులో బుద్ధిగా కూర్చుంది. తన కోటు సగం నాకు కప్పింది. హమ్మయ్య అనుకున్నాను. మంచు పడుతోంది, కరుగుతోంది, చున్నీ తడుస్తోంది. నూలు చున్నీ. ఒక్కసారైనా ఉతకనిది.

ముందు చూసింది రాణే. "ఏయ్, గిది ఎర్రగైతాందేందే?"

ఎత్తి చూస్తే బంతి అడుగంతా గులాబీ. కంగారుగా తుడిస్తే పై బుడిపెలకు కూడా అంటింది. సరిగ్గా అప్పుడే గడ్డం సార్ రెండు కాఫీలతో మా వైపు వస్తున్నారు. రాణి మొదటిసారి ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. "పోయినవ్ పో" అంది మెల్లగా.

సార్ రాయిని చూశారు, రంగు చూశారు, నన్ను చూశారు. కాఫీలు మంచులోనే పెట్టేశారు. లోపలికి వెళ్ళనిచ్చాక (ఎవరో పాప్‌కార్న్ మాడ్చారట, మంటా లేదు ఏమీ లేదు) దీపం కింద కూర్చుని, దూదిపుల్లను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి ఒక్కో బుడిపే అద్దడం మొదలుపెట్టారు. ఒక్కో పుల్లా గులాబీగా మారి పళ్ళెంలోకి చేరుతోంది. నేను మనసులో సూట్‌కేసు సర్దుకుంటున్నాను. పుస్తకాలు అడుగున, బట్టలు పైన. మెలికల గీతలున్న బుడిపె చివరికి మిగిలింది. అద్దారు, గీతల్లోంచి రంగు కదల్లేదు. మళ్ళీ అద్దారు, కొంచెం కదిలింది. పుల్ల మీద పుల్ల మార్చారు. ఎప్పటికో ఒక పుల్ల తెల్లగానే బయటికొచ్చింది.

సార్ కళ్ళజోడు తీశారు. "ఎందుకు ఎత్తుకెళ్ళావు?"

"దాన్నొక్కదాన్నే ఎలా వదిలిరాను సార్?"

ఆయన రాయిని మళ్ళీ పీట మీద పెట్టారు. "ఇన్నివేల ఏళ్ళుగా అది బాగానే ఉంది. ఇవాళ న్యుమోనియా వచ్చేది నీకు. సోమవారం రా, ఇంకా చాలా ఫోటోలున్నాయి."

పని పోలేదు. పోలేదని తెలిశాకే బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. రాణి బయట తలుపు బాదుతోంది: "బిర్యానీ సల్లగైతాంది, ఏడ్సుడు అయినంక జల్ది రా!"

ఇప్పుడు మేముంటున్న కమ్మింగ్ ఊళ్ళో ఇల్లంతా నిద్రపోతోంది. ఆనాడు బాత్రూమ్‌లో ఏడ్చిన ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తోంది. ఊరికే హడలిపోకమ్మా, లోకంలో చాలావాటికి నీ చేతులు అక్కర్లేదు అని తల నిమిరి చెప్పాలనిపిస్తోంది. (ఈ మాట రాస్తూ మధ్యలో రెండుసార్లు లేచి, పాప ఊపిరి తీస్తోందో లేదో చూసొచ్చాను. తీస్తోంది.)