గోలెంలో చల్లటి నీళ్ళు

ఈ ఉదయం మేడ మీద పూలకుండీల కోసం మగ్గు నీళ్ళలో చిటికెడు యూరియా కలిపాను. కలుపుతుంటే చేతిలో మగ్గు చల్లబడింది... వెంటనే కింద పెట్టేశాను.

మా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతిలో ఉండగా, వేసవి సెలవులకి రావికమతం దగ్గర తాత ఊరు వెళ్ళాను. ఆ ఏడు పచ్చిమేత లేదు. ఎండు వరిగడ్డి తిని తాత ఆవు డొక్కలు తేలి ఉంది, దూడకి పాలు చాలడం లేదు. యూరియా నీళ్ళతో గడ్డి మాగబెడితే పశువుకి బలం వస్తుందని రాసి ఉన్న కరపత్రం ఒకటి ఎవరో ఇచ్చారు. తాతకి చదువు రాదు. నన్ను చదవమన్నాడు.

పక్కింటి అప్పలనాయుడు మావ కూడా వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"కాన్వెంటు పిల్లకి తెలుగొచ్చేటి?" అన్నాడు.

"ఇంగిలీసే గడగడ సదివేస్తాది. తెలుగెంత దానికి," అన్నాడు తాత.

నాకు తెలుగు సరిగ్గా రాదు. నర్సీపట్నంలో మా బడిలో తెలుగు ఒక పీరియడే. వొత్తులు వస్తే గొంతు ఆగిపోయేది... అయినా చదివాను. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా. పొరలు పొరలుగా పరిచి, తడిపి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. అంతవరకు బాగానే వచ్చింది. తర్వాత ఒక పంక్తిలో అన్నీ పెద్ద మాటలే. మావ నా మొహం చూస్తున్నాడు. ఆ పంక్తి వదిలేసి కిందది చదివాను.

ఎవరికీ తెలియలేదు.

ఇంట్లో డ్రమ్ము లేదు. పెద్దది ఆవు తాగే కుడితి గోలెమే కదా అని తాత అందులోనే యూరియా కలిపాడు. నీళ్ళు ఎంత చల్లబడ్డాయంటే, నన్ను పిలిచి చెయ్యి పెట్టమన్నాడు. మండుటెండలో మంచులా ఉన్నాయి... నవ్వుకున్నాం. గడ్డి తడిపి, తొక్కి, పట్టా కప్పి రాళ్ళు పెట్టాం. మిగిలిన నీళ్ళు రేపటి గడ్డికి పనికొస్తాయని తాత గోలెంలోనే ఉంచేశాడు.

అన్నాలయ్యాక నేనొక్కదాన్నే అరుగు మీద కూర్చుని ఆ పంక్తి కూడబలుక్కున్నాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి.

మిగిలిన ద్రావణాన్ని పశువులకు అందకుండా పారబోయాలి. తాగితే ప్రాణాపాయం.

లేవాలి. లేవలేదు. చెప్తే మావ నవ్వుతాడు. తాత తల దించుకుంటాడు... ఎంతసేపు అలా కూర్చున్నానో ఇప్పటికీ తెలియదు. ఆ వేలు కాగితం మీదే ఉంది.

పాకలో తాత ఆవు పలుపు విప్పిన చప్పుడు వినిపించింది. పరుగెత్తాను.

"తాతా, ఆవుని ఆపు."

"ఏటైనాది?"

"ఒక లైను సదవలేదు." భయంలో నా మాట కూడా తాత మాటలా వచ్చింది.

తాత పలుపు పట్టి వెనక్కి లాగాడు. ఆవు మూతి తడిగా ఉంది.

గోలెం ఖాళీ చేశారు. పశువుల డాక్టరు గారు స్కూటరు మీద వచ్చి ఆవుకి వెనిగర్ పట్టించారు. పొట్ట ఉబ్బుతుందేమో, వణుకు వస్తుందేమో చూస్తుండమన్నారు. నేను పొద్దుగూకే దాకా దాని పొట్టనే చూస్తూ కూర్చున్నాను. ఊపిరి తీసినప్పుడల్లా ఉబ్బుతున్నట్టే అనిపించేది. తాత మాత్రం పార తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు.

మావ అడిగితే, "నానే పారబొయ్యడం మరిసిపోనాను," అన్నాడు తాత. నా వైపు చూడలేదు.

ఆవు బతికింది. వారం రోజులు అరుస్తూనే ఉంది.

ఇప్పుడు కరపత్రాలు పోయాయి... అన్నీ ఫోన్లో వీడియోలే. వాటినీ ముందుకు జరిపేస్తూ చూస్తాం. గడ్డి మాగబెట్టేవాళ్ళు ఉంటే ఒక్క మాట. పశువు నీళ్ళు తాగే గోలెంలో యూరియా కలపకండి. మిగిలిన నీళ్ళు అప్పుడే దూరంగా గొయ్యి తీసి పారబోయండి. మాగిన గడ్డి ఘాటు తగ్గేదాకా ఆరబెట్టి, మొదట కొంచెమే పెట్టండి.

చిన్నప్పుడు మీరూ ఏదైనా పంక్తి దాటేసి ఉంటే, ఇక్కడ రాయండి... నేను చదువుతాను, నెమ్మదిగా.

ఆ రోజు ఆవు కంటే ముందు దాని దూడ గోలెంలో మూతి పెట్టింది.