విఠల్ గారి శనివారాలు

మొన్న పంజాగుట్టలో ఒక పాత భవనం మెట్లు ఎక్కుతుంటే అప్పుడే కోసిన ప్లైవుడ్ వాసన ముక్కుకు తగిలింది. పై అంతస్తులో ఎవరో ఆఫీసుకు పార్టిషన్లు కొట్టిస్తున్నారు. రంపం ఆగినప్పుడల్లా కింద సిగ్నల్ దగ్గరి హారన్ల మోత పైకి వస్తోంది. నేను వెళ్ళింది ఇన్సూరెన్సు ఏజెంటుతో పోట్లాడటానికి. ఆ పోట్లాటే మరిచిపోయి మెట్ల మీద నిలబడిపోయానంటే, నన్నెరిగినవాళ్ళు నమ్మరు. విఠల్ గారి ఫ్లోర్‌లోకి నేను మొదటిసారి అడుగుపెట్టినరోజు అచ్చం ఇదే వాసన.

అవి అమీర్‌పేటలో గోడ కనిపిస్తే దానిమీద ఏదో ఒక కంప్యూటర్ కోర్సు పేరు కనిపించే రోజులు. నేను అక్కడొక ఇన్‌స్టిట్యూట్‌లో డేటాబేస్ పాఠాలు చెప్పేదాన్ని. చుట్టూ ఉన్నవాళ్ళంతా విదేశీ కంపెనీలకు మనుషుల్ని పంపే వ్యాపారంలో పడితే, నేను మాత్రం నర్సింగ్ హోములకు సాఫ్ట్‌వేర్ రాసి అమ్ముతానని ఉద్యోగం మానేశాను. నా దగ్గర చదువుకున్న జ్యోతి, చేతికొచ్చిన ఉద్యోగం వదులుకొని నాతో వచ్చేసింది. ఆ పిల్లది బోరబండ. ఇంట్లో మొదటి డిగ్రీ తనదే. వాళ్ళమ్మ నా ఎదుటే అంది: "మేడమ్మను నమ్ముకుంటివి, మంచిదే. మేడమ్మ ఎవర్ని నమ్ముకున్నదో అడిగినవా?"

నేను నమ్ముకున్నది విఠల్ గారిని. సిరిసిల్ల నేతవారి కుటుంబం. ఇంజనీరింగు చదివి సనత్‌నగర్‌లో స్విచ్చుల ఫ్యాక్టరీ నడిపి, అది మూతపడ్డాక పంజాగుట్టలో ఒక ఫ్లోర్ తీసుకొని చెక్క గదులుగా విడగొట్టి చిన్న చిన్న కంపెనీలకిచ్చారు. దానికి ఇంక్యుబేటర్ అని పేరు పెట్టారు. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ బోర్డు చూసి, "నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని పెట్టే పెట్టె కదే అది!" అంది. విఠల్ గారు పడీపడీ నవ్వి, "అమ్మగారు నాకన్న మంచిగ చెప్పిన్రు" అన్నారు. నిజమే మరి. ఒక్కో కంపెనీ సొంతంగా పెట్టుకోలేనివన్నీ అక్కడ ఉమ్మడిగా ఉండేవి. ఫోనెత్తే అమ్మాయి, జనరేటరు, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే గది, కంపెనీ కాగితాలు చూసిపెట్టే ఆడిటరు. అన్నింటికన్నా ముఖ్యం, మన ఏడుపు అర్థమయ్యే ఇరుగుపొరుగు.

చేరేటప్పుడు ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "మీ ఇన్‌స్టిట్యూట్ ఓనర్‌ను అడిగితే, నువ్వు మస్తు కొట్లాడుతవని చెప్పిండు. నిజమేనా?"

"అనవసరంగా కొట్లాడను" అన్నాను పౌరుషంగా.

"అయ్యో, కొట్లాడాలె బిడ్డా! నా ఫ్యాక్టరీల అందరు 'అవును సార్' అన్నోళ్ళే. కాదు అనెటోడు ఒక్కడున్నా ఆ ఫ్యాక్టరీ మునుగకపోవు."

చిన్నప్పటినుంచీ "ఆ నోటితో ఎక్కడ బతుకుతావే" అని వింటూ పెరిగినదాన్ని. ఆ నోరు చూసి నాకు గది ఇచ్చిన మనిషి ఆయనొక్కరే.

ఆ ఫ్లోర్‌లో ఒక ఆనవాయితీ ఉండేది. ఏ కంపెనీ అయినా తన సరుకును కొనడానికొచ్చే నిజమైన గిరాకీకి చూపించేముందు శనివారం మధ్యాహ్నం మా ముందు చూపించాలి. మిగతా కంపెనీల వాళ్ళంతా గిరాకీ వేషం కట్టేవాళ్ళు. మొహమాటం నిషిద్ధం. వాళ్ళతో వీళ్ళతో మాటామాటా అనుకొని సాయంత్రానికి అందరం కలిసి మిర్చి బజ్జీలు తినేవాళ్ళం.

మా వంతు వచ్చేసరికి పరిస్థితి బాగోలేదు. అప్పటికే రెండు నర్సింగ్ హోములు మా ప్రోగ్రాం వద్దన్నాయి. ఖైరతాబాద్‌లో మూడో ఆయన, ఒక పిల్లల డాక్టరు, ఒక్క పూట అవకాశమిచ్చాడు. "సోమవారం పొద్దున్న పెట్టండి. మా రిసెప్షన్ అమ్మాయి బాగుందంటే ఉంచుతాం. లేదంటే మధ్యాహ్నానికి మీ కంప్యూటర్ మీరు తీసుకెళ్ళిపోవచ్చు." ఆయనా కాదంటే నేను మళ్ళీ పాఠాలకు పోవాల్సిందే. నా సంగతి సరే, జ్యోతి వాళ్ళమ్మకు ఏం చెప్పను?

ఆ శనివారం విఠల్ గారే రోగి. భుజాన తువ్వాలు, ఛాతీ మీద చెయ్యి, మొహం నిండా బాధ. పక్క గదిలో ట్రావెల్స్ వాళ్ళకు సీట్ల బుకింగ్ ప్రోగ్రాం రాసే ప్రసాద్ ఆయన కొడుకు వేషంలో ఆయన్ను పట్టుకొని తీసుకొచ్చాడు. రిసెప్షన్‌లో జ్యోతి కూర్చుంది.

"పేరు చెప్పండి."

"అమ్మో, గుండెల పట్టేసినట్టున్నది బిడ్డా!"

"ఇంటిపేరు?"

"జర డాక్టర్‌ను పిలువురి..."

"పుట్టిన తేదీ?"

"మా అవ్వకే తెల్వది, నాకేడ తెలుస్తది?"

జ్యోతి నావైపు చూసింది. "ఏదో ఒకటి వెయ్యి. ఖాళీ వదిలితే ముందుకు పోదు" అన్నాను వెనకనుంచి. పాఠాలు చెప్పినదాన్ని కదా, గళ్ళన్నీ నిండితే తప్ప తెర కదలకుండా కట్టుదిట్టం చేశాను. జ్యోతి పిన్‌కోడ్ అడిగేసరికి విఠల్ గారు రెండు కుర్చీలమీద అడ్డంగా పడుకొని తువ్వాలు మొహంమీద కప్పుకున్నారు.

తువ్వాలు కిందనుంచి గొంతు వినిపించింది: "నేను పోయిన. ఇగ తీరుబాటుగ రాసుకోండ్రి."

"అయ్యో నాన్నా! పిన్‌కోడ్ చెప్పి పోవాల్సింది కదా!" అని ప్రసాద్ గుండెలు బాదుకున్నాడు. ఫ్లోరంతా గొల్లున నవ్వింది.

నేను నవ్వలేదు. "రేపు అదే పేరుతో ఇంకొకరు వస్తే? ఒకరి రక్తపరీక్ష ఇంకొకరికి అంటగడతారా?" అని విరుచుకుపడ్డాను.

ఆయన లేచి కూర్చున్నారు. "నువ్వన్నది సుత కరెక్టే. కానీ ఆ రోగి పరీక్ష రాసెతందుకు రాలేదమ్మా. బతికెతందుకు వచ్చిండు."

"అయితే ఎవరో ఏమిటో తెలియకుండా లోపలికి పంపెయ్యాలా?"

"నన్నెందుకు అడుగుతవ్? ప్రోగ్రాం నీది."

ఆయన ఎప్పుడూ అంతే, జవాబు చెప్పరు. చాయ్ వచ్చేదాకా వాదించాను. చివరికి ఒళ్ళు మండి, "సరే! ముందొక నంబరు చేతికిచ్చి లోపలికి తోసేస్తాం. పేరూ ఊరూ తరవాత ఆ నంబరుమీద నింపుకుంటాం. చాలా?" అని అరిచాను.

"మస్తుగున్నది" అన్నారాయన, చాయ్ ఊదుకుంటూ.

ఆదివారమంతా జ్యోతీ నేనూ కూర్చొని ప్రోగ్రాం అలాగే మార్చేశాం. సోమవారం పొద్దున్న ఆ నర్సింగ్ హోములో ఒక మూల నిలబడ్డాను. మొదట వచ్చినవాళ్ళు జలుబూ దగ్గులవాళ్ళు, ఓపిగ్గా అన్నీ చెప్పారు. ఇంతలో ఒకాయన ఆటోలోంచి దూకి, ఫిట్స్‌తో కొట్టుకుంటున్న పాపను ఎత్తుకొని పరుగెత్తుకొచ్చాడు. పేరడిగితే పెదాలు కదులుతున్నాయి కానీ మాట రావడంలేదు. రిసెప్షన్ అమ్మాయి ఒక్క మీట నొక్కింది. నంబరు చీటీ బయటికొచ్చింది. నర్సు దాన్ని పాప మణికట్టుకు చుట్టి లోపలికి తీసుకుపోయింది. అంతే. నేను బయట కాయిన్ బాక్సు ఫోను దగ్గరికి ఉరికి విఠల్ గారికి చేశాను.

"సార్, ఆడింది! ఎక్కడా ఆగలేదు, ఒక్క మీటతో..."

"మంచిది. పాప ఎట్లున్నది?"

"చూడలేదు సార్."

"తెల్సుకొని చెయ్యి" అని ఫోన్ పెట్టేశారు.

లోపలికి వెళ్ళాను. అప్పటికి తల్లి కూడా వచ్చింది, బెంచీమీద కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. నేనెవరో ఆమెకు తెలియదు. తలుపు తెరుచుకొని నర్సు, "జ్వరం వల్ల వచ్చిన ఫిట్సమ్మా, తగ్గాయి. పాప పడుకుంది" అన్న తరవాతే నాకు ఊపిరాడింది. ప్రోగ్రాం ఆడినప్పుడు ఎగిరి గంతేసినదాన్ని, ఇప్పుడు ఆమెతోపాటు ఏడ్చాను. అంతసేపూ నేను దేనికి భయపడాలో దానికి తప్ప అన్నింటికీ భయపడ్డాననిపించింది. మధ్యాహ్నం డాక్టరు, "కంప్యూటర్ ఇక్కడే ఉండనివ్వండి" అన్నాడు. ఆ మాటతో మా కంపెనీ నిలబడింది. జ్యోతి ఖైరతాబాద్ బస్టాపులో స్వీట్లు కొని, ముందు వాళ్ళమ్మకు ఒక పొట్లం విడిగా కట్టించింది.

తరవాత విఠల్ గారే మాకు ఇంకో నాలుగు ఆసుపత్రుల తలుపులు తెరిపించారు. మేం నిలదొక్కుకున్నామని తేలగానే, "ఇగ గది ఖాళీ చెయ్యి" అన్నారు. ఏం తప్పు చేశానని పోట్లాడాను. "పిల్ల బయటికొచ్చినంక సుత కోడి దానిమీదనే కూసుంటే, పిల్ల సస్తది" అన్నారు. కొత్తవాళ్ళు గుమ్మంలో ఎదురుచూస్తున్నారు. అలిగే అమీర్‌పేటకు మారాను. శనివారాలు మాత్రం మానలేదు. కొత్త కంపెనీల వాళ్ళముందు ఎన్ని వేషాలు కట్టానో! మొండి గిరాకీ వేషమంటే నాదే. నటించాల్సిన అవసరం కూడా లేదనేవారు ఆయన.

విఠల్ గారు ఇప్పుడు లేరు. నా నోరు ఏమీ తగ్గలేదు, తగ్గాలని ఎవరైనా అంటే వాళ్ళతో కూడా వాదిస్తాను. కానీ మా మనుషులు ఏ ఆసుపత్రినుంచి ఫోన్ చేసి "ఆడింది మేడమ్" అన్నా, నా మొదటి మాట ఆయన మాటే: "మంచిది. మనిషి ఎట్లున్నడు?" మొదట్లో తడబడేవాళ్ళు, మళ్ళీ లోపలికి పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు ఆ జట్టును నడిపేది జ్యోతి. పోయినవారం ఒక పెద్దాసుపత్రిలో కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టించి ఫోన్ చేసింది. పొద్దున్నే ఆటోలో వచ్చిన ముసలాయనకు ఊపిరి అందిందని, కూతురొచ్చిందని, ఇడ్లీ తిన్నాడని చెప్పి, ఇక ఉంటానని ఫోన్ పెట్టెయ్యబోయింది.

ప్రోగ్రాం ఆడిందా లేదా అన్నది నేనే అడగాల్సి వచ్చింది.