సబిత అడిగిన మాట

మొన్న పక్కింటి గోడకి సున్నం వేస్తుంటే ఆ తడి వాసనకి సబిత గుర్తొచ్చింది. వాళ్ళ అమ్మానాన్నలు ఒడిశా నుంచి పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికొచ్చారు. ఆ పిల్ల తొమ్మిదో తరగతి మధ్యలో మా హైస్కూల్లో, నా క్లాసులోనే చేరింది. చేతులెప్పుడూ తెల్లగా ఉండేవి. పౌడరు పూసుకునే సోకులాడి అనుకున్నాను. పొద్దున్నే వాళ్ళమ్మతో కలిసి సున్నం బస్తాలు నింపి బడికొస్తుందని నాకేం తెలుసు?

తనకొచ్చిన కాస్త తెలుగూ బట్టీ దగ్గర లారీలకి బస్తాలెత్తే వాళ్ళ నోట విన్నదే. ఒకరోజు లెక్కల మాస్టారు హాజరు వేస్తూ తన పేరు పిలవడం మరిచిపోయారు. సబిత లేచి, చేతులు కట్టుకుని ఎంతో వినయంగా, "ఒరేయ్ సార్, నన్ను పిలవలేదేరా?" అంది.

క్లాసంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఇక రేపట్నుంచి బడికి రాదనుకున్నాను. తన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ కూర్చోలేదు. నా వైపు తిరిగి, "నవ్వు. నవ్వి, తప్పేంటో చెప్పు," అంది.

నా నవ్వు ఆగిపోయింది.

"అడుగుతోందిగా, చెప్పు," అన్నారు మాస్టారు నాతో.

"పెద్దవాళ్ళని రా అనకూడదు, అండీ అనాలి," అన్నాను నసుగుతూ.

"సార్, నన్ను పిలవలేదండీ," అంది సబిత వెంటనే. మాస్టారు పేరు పిలిచాకే కూర్చుంది.

ఇప్పుడు నేను కోయంబత్తూరు వచ్చి మూడేళ్ళయింది. తమిళం అర్థమవుతుంది. నవ్వుతారేమోనని కూరగాయలు కూడా వేలితో చూపించి కొనుక్కుంటాను. పద్నాలుగేళ్ళ పిల్ల క్లాసంతటి ముందు నిలబడి అడిగిన మాట, నేనింతవరకూ ఒక్కరినీ అడగలేకపోయాను.