జంపఖానాకు అవతలి కొస

మొన్న మంగళవారం ఉదయం పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది. అవ్వ ప్రభువునందు నిద్రించిందని సంఘ పెద్ద చెప్పాడు. వెంటనే నాకు ఏడుపు రాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళను మెలకువగా ఉంచడమే జీవితమంతా పనిగా పెట్టుకున్న మనిషి నిద్రపోయిందంటే నమ్మబుద్ధి కాలేదు, అంతే. హిందూపురంలో బస్సెక్కి, సోమందేపల్లి వచ్చాక మాత్రం ఏడ్చాను. అక్కడే ఎందుకో చెప్తాను.

ఆమె నాకు బంధువు కాదు. పెనుకొండ సంఘంలో ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పి, రోగుల పక్కన కూర్చుని ప్రార్థన చేసిన మనిషి. ఊరంతటికీ అవ్వే. నేనిప్పుడు హిందూపురంలో ఒక చిన్న సంఘానికి కాపరిని. అంతకుముందు కొన్నేళ్ళు పెనుకొండలో ఆమె వెనకాలే తిరుగుతూ పరిచర్య నేర్చుకున్నాను.

అవ్వకో అలవాటుండేది. కూటం ముగియగానే జనం ప్రసంగం చేసినవాడి చుట్టూ చేరి "వందనాలయ్యా, భలే చెప్పినారు" అంటుంటారు కదా. సరిగ్గా అప్పుడే అవ్వ మందిరంలో పరిచిన పెద్ద జంపఖానాను ఒక కొస ఎత్తి పట్టుకుని నన్ను పిలిచేది. "రాప్పా, ఆ కొస పట్టుకో." అంత జంపఖానా ఒక్కరు మడవలేరు. చెరో కొస పట్టి దులపాలి, మడుస్తూ ఒకరికొకరు ఎదురు నడవాలి. దుమ్మంతా నా ఇస్త్రీ చొక్కా మీదే పడేది. దీనికి వేరే మనుషులే దొరకలేదా అని ఒకసారి పైకే అన్నాను.

"ప్రసంగానికి ముందర అందరూ మోకాళ్ళ మీదనే ఉంటారు. బాగా జరిగినంక ఒక్కడూ ఉండడు. మనిషి పడేది అప్పుడేప్పా," అంది.

ఆ మాట నాకు అప్పట్లో తలకెక్కలేదు.

సోమందేపల్లిలో ఒక వేరుశనగ రైతు భార్యకు జ్వరం విడవకపోతే మమ్మల్ని పిలిచారు. అవ్వా నేనూ వెళ్ళి ప్రార్థన చేశాం. అవ్వే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళి, మాత్రలు తెచ్చి దగ్గరుండి మింగించింది. నాలుగో రోజుకు ఆమె లేచి కూర్చుంది. జరిగింది ఇంతే. మొదటిసారి సాక్ష్యంగా చెప్పినప్పుడు నేనూ ఇంతే చెప్పాను. రెండోసారి నాలుగో రోజు కాస్తా మరుసటి ఉదయమైంది. ధర్మవరం సభలకు నన్ను పిలిచేనాటికి మాత్రలు మాయమయ్యాయి. ఆ ఆదివారం జనం వెక్కి వెక్కి ఏడ్చారు. శాలువా కప్పారు. హిందూపురం సభలకు అక్కడికక్కడే ఆహ్వానం వచ్చింది, పోస్టరు మీద ఫోటోతో సహా. నా కాళ్ళు నేల మీద లేవు.

ముందు వరుసలో కూర్చుని అంతా విన్న అవ్వ, బస్సు కదిలాక అడిగింది.

"మాత్రలు యాడికి పోయినాయప్పా?"

"దేవునికి మహిమ వచ్చే మాటే కదవ్వా నేను చెప్పింది?" అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"ఆయన చేసింది నీకి చాల్లేదా? దేవునికి నీ అబద్ధం సాయం యాలప్పా?"

పెనుకొండ వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. దిగేటప్పుడు మళ్ళీ తనే అంది, "హిందూపురంలో నువ్వేం చెప్తావో ఇనేకి నేను రాను. ఇనాల్సినాయన ఇంటాంటాడు."

అన్నట్టే రాలేదు. వచ్చుంటే ఆమెకు భయపడి నిజం చెప్పానని సరిపెట్టుకునేవాణ్ణి. మైకు ముందు నిలబడ్డాక ఉన్నదున్నట్టు చెప్పాను. ఆసుపత్రి సంగతి, మాత్రల సంగతి, ధర్మవరంలో నేను కల్పించి చెప్పిన సంగతి. ఈసారి ఎవరూ ఏడవలేదు. సభలు పెట్టించిన పెద్దమనిషి ముఖం మాడిపోయింది.

కిందికి దిగుతుంటే ఒకామె ఎదురొచ్చింది. ధర్మవరం నుంచి వచ్చానంది.

"అయ్యా, ఆ పొద్దు మీ సాక్ష్యం ఇన్నప్పట్నుంచి మా ఇంటాయన షుగరు మాత్రలు మానేసినాడు. ఏసుకుంటే విశ్వాసం లేనట్లంట. కాలికి పుండయి మానకుండా ఉండాది. నేను చెప్తే ఇనడు. ఇప్పుడు చెప్పిన మాట మీరే వచ్చి ఆయనకి చెప్పండయ్యా."

సిగ్గుతో చచ్చిపోయాను. మరునాడు పొద్దున్నే ధర్మవరం వెళ్ళాను. ఆయన పట్టుచీరలు నేసే మనిషి. మగ్గం పక్కన కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నేల మీద కూర్చుని, నేను అబద్ధం కలిపానని చెప్పాను. ఆయన తన కాలి పుండు వైపు చూసుకున్నాడు.

"అయితే ఆ యమ్మని దేవుడు బాగు చెయ్యలేదా?"

"చేశాడన్నా. మాత్రలు ఇప్పించే చేశాడు."

భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన మాత్ర వేసుకున్నాడు. ఆ పూటే ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. నువ్వు చూసిన పెద్ద అద్భుతం ఏదని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఆ గుక్కెడు నీళ్ళే గుర్తొస్తాయి.

పెనుకొండ వచ్చి అవ్వకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మెచ్చుకుంటుందని ఆశ.

"మంచి పని చేసినావు," అంది. ఆ వెంటనే వేలు చూపించి, "ఇంగ దీన్ని గూడా ఊరూరా చెప్పి పెంచగాకు," అంది.

అందుకే ఇన్నేళ్ళూ ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నందుకు ఆమె ఉంటే ఊరుకునేది కాదు. పెంచి మాత్రం రాయలేదవ్వా.

బుధవారం కొండ కిందున్న మందిరంలో ఆరాధన జరిగింది. నన్ను మాట్లాడమన్నారు. అవ్వ ఏనాడూ ఎవరినీ కసురుకోలేదు అనే మాట నాలుక మీదికి వచ్చింది. మింగేశాను. "అవ్వకు కోపం ఎక్కువ. ఆ కోపం వల్లే నేను బాగుపడ్డాను," అన్నాను. ఏడుస్తున్నవాళ్ళు నవ్వారు.

సమాధి చేసి తిరిగొచ్చేసరికి మందిరంలో జంపఖానా పరిచింది పరిచినట్టే ఉంది. తలుపు దగ్గర, ఆమె ఎప్పుడూ కూర్చునే చోట రంగు వెలిసిపోయింది. వంగి ఒక కొస ఎత్తాను. ఇంతలో ఎవరో దగ్గరికొచ్చి, "అయ్యా, భలే చెప్పినారు," అన్నారు. తలెత్తి చూస్తే ధర్మవరం ఆయన, కబురు విని వచ్చినట్టున్నాడు. కొంచెం కుంటుతున్నాడు. చొక్కా జేబులోంచి మాత్రల అట్ట బయటికి కనిపిస్తోంది.

"రాన్నా, ఆ కొస పట్టుకో," అన్నాను.

దుమ్ము దులిపాం. మడత మీద మడత వేస్తూ ఆయన నా వైపు నడిచొచ్చాడు.