వరసలో ఆఖరి మనిషి

నా చిన్నప్పుడు మా లంకకి ఓటు అడగడానికి ఎవరూ వచ్చేవారు కారు. గోదావరి మధ్యలో ఉన్న చిన్న ఊరు మాది. ఎటు చూసినా నీళ్ళే, ఒడ్డుకి పోవాలంటే పడవే దిక్కు. మా పార్లమెంటు సీటులో పట్నాలున్నాయి, పెద్ద పెద్ద ఊళ్ళున్నాయి. వాటి పక్కన మా లంక ఏ లెక్కలోకి వస్తుంది? పైగా మా లంకలో ఓట్లు పడేవే కావు. ఓట్లు పడని చోటికి ఎవరు మాత్రం పంచె తడుపుకుని వస్తారు?

ఈ సంగతి ఇప్పుడు మస్కట్లో కూర్చుని ఎందుకు తలుచుకుంటున్నానంటే, దానికో కారణం ఉంది. నేనిక్కడ ఒక ఇంట్లో ఏళ్ళ తరబడి వంట చేశాను. ఇప్పుడు ఒంట్లో ఓపిక తగ్గి ఇక్కడే ఘుబ్రాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నేను పనిచేసిన ఇంటి పెద్దావిడ మసీరా అనే దీవిలో పుట్టింది. ఈ దేశంలో మన పార్లమెంటులాంటి సభకి ఆ దీవి నుంచి కూడా మనిషిని ఎన్నుకుంటారు. మొన్నటి ఎన్నికలప్పుడు పలకరించడానికి వెళ్తే, ఆవిడ పరుపు మీద కూర్చుని ఫోనులోనే ఓటు వేసేస్తోంది. కోడలు సాయం చెయ్యబోతే నువ్వు అవతలికి పో అంది. తమ దీవి తరఫున ఎవరు వెళ్ళాలో మొదట్లో పెద్ద మగవాళ్ళే కూర్చుని తేల్చేవారట. తర్వాత ఆడవాళ్ళకీ ఓటు వచ్చిందట. ఇప్పుడది అరచేతిలోకి వచ్చింది. అంతా చెప్పి, మరి మీ దీవి సంగతేమిటని నన్నడిగింది. నాకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. దాంతో ఎంతని చెప్పను? ఆవిడకి చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తున్నాను.

మా లంకకి మొదటిసారి ఓట్లు వచ్చేనాటికి నాకింకా జ్ఞానం లేదు. జాబితా రాయడానికి వచ్చిన గుమాస్తాకి ఆడవాళ్ళెవరూ పేరు చెప్పలేదట. ఫలానావాడి పెళ్ళాం, ఫలానావాడి తల్లి అని రాయించుకున్నారట. పేరు లేని మనిషికి ఓటెక్కడిదని పైవాళ్ళు అవన్నీ కొట్టేశారు. ఆ ఏడు లంక మొత్తంలో ఒక్క ఆడమనిషికీ ఓటు లేదు. రెండోసారి పేర్లయితే రాయించారు గాని, పెట్టె ఒడ్డున పెట్టారు. ఓట్లేసి తిరిగొస్తుంటే పడవ ఇసకమేట మీద కూరుకుపోయి, చంటిపిల్లల తల్లులు పొద్దువాలేదాకా ఎండలో మాడిపోయారు. ఆ మీదట మగవాళ్ళు మా ఆడవాళ్ళని పంపమంటే పంపమన్నారు.

అక్కడితో పోతే పోనిద్దురని ఊరుకుందుము. కానీ ఏటేటా వరదొచ్చినప్పుడల్లా గోదారి మా లంకని కోసుకుపోయేది. ఇవాళ ఉన్న కొబ్బరిచెట్టు రేపు నీళ్ళలో వాలి ఉండేది. రాళ్ళతో కట్ట వేయించమని అడగడానికి వెళ్ళిన మా పెద్దల్ని, మీ లంకలో ఓట్లెన్నయ్యా అని నవ్వి పంపించేశారు. అందుకని మూడోసారి మా తాతయ్య పట్టుపట్టాడు. తాతయ్య రేవులో పడవ నడిపేవాడు. పెద్దల్ని వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఓటు పెట్టెని మా లంకకే రప్పించాడు. ఈ ఒక్కసారికి చూస్తాం, జనం రాకపోతే మళ్ళీ ఒడ్డునే పెడతామని ఆఫీసువాళ్ళు ఖండితంగా చెప్పారు.

ఆ రోజు నాకు బాగా గుర్తు. నేను నాలుగో తరగతి. బడి అంటే తాటాకు పాక. దాంట్లోనే పెట్టె పెట్టారు. పిల్లల్ని తరిమేశారు గాని నేను వెనకవైపు కిటికీ పట్టుకుని వేలాడుతూనే ఉన్నాను. పొద్దున్నే మగవాళ్ళు వచ్చి ఓట్లేసి చేలకి పోయారు. తర్వాత ఆడవాళ్ళు వచ్చారు. అందరికన్నా ముందు మా పక్కింటి అక్క నిలబడింది. ఆఫీసరుగారు పేరడిగితే సిగ్గుపడుతూ చెప్పింది. భర్త పేరడిగారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూసింది.

మా లంకలో ఏ ఆడదీ మొగుడి పేరు నోట పలికేది కాదు. పలికితే అతని ఆయువు తగ్గుతుందని నమ్మకం. మావగారి పేరు, బావగారి పేరు అసలే పలకకూడదు. ఆఫీసరుగారు మూడుసార్లు అడిగారు. అక్క తల దించుకుని వచ్చేసింది. రెండో ఆవిడా అంతే, మూడో ఆవిడా అంతే. కాసేపటికి వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకి జారుకున్నారు. లోపల కూర్చున్న పార్టీల ఏజెంట్లిద్దరూ ఒడ్డువాళ్ళు, ఎవరు ఎవరి ఇల్లాలో వాళ్ళకి తెలియదు. నేను చెప్తానని తాతయ్య లోపలికి వెళ్తే, ఆడవాళ్ళ వరసలోకి మగవాడు రాకూడదని ఒక ఏజెంటు అడ్డం పడ్డాడు. ఆఫీసరుగారు మంచాయనే. తాతయ్యని బయటికి పంపుతూ, ఇలాగే ఉంటే ఇక్కడ పెట్టె దండగని నేనే రాయాల్సి వస్తుందయ్యా అన్నారు.

తాతయ్య ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గాని అన్నం కలపలేదు. జరిగిందంతా మామ్మకి చెప్పాడు. మామ్మంటే మా నాన్నమ్మ. అగ్గిపుల్ల ఎలా దాచుకునేదో మాటనీ అలాగే దాచుకునేది. వెలిగించిన పుల్లతోనే రెండో పొయ్యి కూడా ముట్టించాలనేది. అంతా విని ఒక్కటే అడిగింది.

"వరసలో ఉన్న ఆడది పక్కదాని మొగుడి పేరు సెప్తే వప్పుకుంటారా?"

తాతయ్య కంచం వదిలేసి పరుగున వెళ్ళి అడిగొచ్చాడు. ఎరిగున్న మనిషి వరసలోనే ఉండి చెప్తే చాలన్నారట.

మామ్మ కొంగు దోపుకుంది. నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఒకరింట్లో పిండి దంచుతున్నారు, ఒకరు దూడకి కుడితి పెడుతున్నారు. నాకెందుకులే అత్తా, మా ఆయన ఏశాడుగా అన్నవాళ్ళే అందరూ. మామ్మ ఎవర్నీ బతిమాలలేదు.

"నీ మొగుడి పేరు నువ్వు సెప్పకే. నీ ముందున్నదాని మొగుడి పేరు సెప్పు. దాని మొగుడి పేరు నీ నోట్లో పడితే నీ సొమ్మేం పోద్ది?"

ఇది విని పిండి దంచే ఆవిడ రోకలి ఆపేసింది. తర్వాత కిసుక్కున నవ్వింది. అంతే, ఆ నవ్వు ఇంటి నుంచి ఇంటికి పాకింది.

అయితే అదంత తేలికగా తెమల్లేదు. బడి ముందు వరస కట్టాక అసలు చిక్కు తెలిసింది. అత్త వెనక కోడలు నిలబడితే కోడలు మావగారి పేరు చెప్పలేదు. తోడికోడలు వెనక చిన్న తోడికోడలు నిలబడితే బావగారి పేరు చెప్పలేదు. మా లంకలో సగం మంది చుట్టాలే. అందుకని మామ్మ ఒక్కొక్కరి రెక్క పట్టుకుని, ముత్యాలు గుచ్చినట్టు ఒక ఇంటి మనిషి పక్కన మరో ఇంటి మనిషిని నిలబెట్టింది. చేపల కత్తులు, చంటిపిల్లలు, చీపుళ్ళు, ఎవరి చేతిలో ఏముంటే దాంతోనే నిలబడ్డారు.

కోళ్ళ తగాదాతో రెండేళ్ళుగా మాటల్లేని ఇద్దరుండేవారు. మామ్మ కావాలనే ఒకరి వెనక ఒకరిని పెట్టింది. నాకు దానికీ మాటల్లేవని వెనకావిడ మొండికేసింది. "మాటలాడమన్నానా? పేరు సెప్పమన్నాను," అంది మామ్మ. ఆవిడ వంతు వచ్చేసరికి గోడకేసి చూస్తూ, ముందున్న ఆవిడ మొగుడి పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. ముందావిడ వెనక్కి తిరిగి చూసింది. ఆ తిరగడంలో ఆమె చంకలో పిల్ల జారుతుంటే వెనకావిడ చెయ్యి ఆసరా పెట్టింది.

అలా వరస కదిలింది. ప్రతి ఆడమనిషికీ తన వెనకున్న మనిషే నోరు. నా కిటికీలోంచి ఊళ్ళో మగవాళ్ళ పేర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వినపడుతుంటే, పండగనాడు కొత్త బట్టల మడత విప్పి చూస్తున్నట్టనిపించింది. ఓటేసినవాళ్ళు సిరా పెట్టిన వేలు పైకెత్తి పట్టుకుని, తడి ఆరేదాకా దేనికీ తగలనివ్వకుండా నడిచి వెళ్ళారు.

మామ్మ అందరికన్నా వెనక నిలబడింది. తన ముందు చేపల ముసలమ్మని పెట్టుకుంది. ఆ ముసలమ్మే తన పనయ్యాక ఓ అడుగు ఆగి తాతయ్య పేరు చెప్పాలని ఏర్పాటు. తీరా అందరూ అయిపోయే వేళకి మా అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. తమ్ముడికి జ్వరమొస్తే వాణ్ణి నిద్రపుచ్చి వచ్చేసరికి ఆలస్యమైంది. మామ్మ ఆమెని ముసలమ్మకీ తనకీ మధ్య నిలబెట్టింది. ఊరందరి వరసా సరిచూసిన మనిషి తన ఇంటి దగ్గరే తప్పు చేసింది. అమ్మ ముసలమ్మ మొగుడి పేరు చెప్పింది. ముసలమ్మ ఓటేసి అటువైపు గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. మామ్మ తన కొడుకు పేరు చెప్పింది, అమ్మ ఓటేసింది. ఇక మామ్మ సంగతి ఎవరు చెప్పాలి? అమ్మ నోరెత్తలేదు. అది ఆమె మావగారి పేరు. ముసలమ్మని వెనక్కి పిలుద్దామంటే, ఓటేసినవాళ్ళు మళ్ళీ లోపలికి రాకూడదని ఇందాకటి ఏజెంటే లేచాడు.

పొద్దు వాలుతోంది. తలుపులు మూసే వేళయింది. మామ్మ వెనక ఎవరూ లేరు. నాకు తాతయ్య పేరు తెలుసు. కిటికీలోంచి అరుద్దామని నోరు తెరిచాను. మామ్మ నా వైపు ఒక్క చూపు చూసింది, నా నోరు దానంతటదే మూసుకుపోయింది. ఆఫీసరుగారు నెమ్మదిగానే అన్నారు.

"అమ్మా, మీరే ఆఖరు. చెప్తే వేస్తారు, లేదంటే లేదు. ఇంత మందిని తెచ్చారు, మీ ఒక్క ఓటూ లేకపోయినా నష్టం లేదులెండి."

ఆ ఆఖరు మాట మామ్మకి ఎక్కడో తగిలినట్టుంది. కొంగు సర్దుకుంది. ముందు తన పేరు చెప్పింది. అప్పటిదాకా మామ్మకి ఒక పేరుంటుందని నేను అనుకోనే లేదు. తర్వాత కళ్ళు మూసుకుని, అవతలి ఒడ్డునున్న పడవని కేకేసినట్టు, తాతయ్య పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా పలికింది.

బయట తాతయ్య బోర్లించిన పడవ మీద కూర్చుని ఉన్నాడు. దిగ్గున లేచి నిలబడ్డాడు.

"ఆయ్," అన్నాడు.

మా కోనసీమలో పెద్దవాళ్ళు పిలిస్తే, మర్యాద తెలిసినవాళ్ళు పలికే మాట అది. పెళ్ళాం పిలిస్తే ఏ మగవాడూ ఆయ్ అనడం అంతవరకూ ఎవరూ వినలేదు. బయటున్న ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆఫీసరుగారు కలం కింద పెట్టి నవ్వారు. అడ్డం పడిన ఏజెంటు కూడా కండువాతో మూతి తుడుచుకున్నాడు. మామ్మ ఒక్కతే నవ్వకుండా వెళ్ళి ఓటేసి వచ్చింది.

ఇంటికి నడుస్తుంటే మామ్మ, పిలిస్తే పలకడమేనా, నలుగురిలో పరువు తీశావని తాతయ్యని సాధించింది. తాతయ్య వెనక్కి తిరగకుండానే జవాబిచ్చాడు.

"ఇన్నేళ్ళకి పిలిచావు. పలక్కపోతే మళ్ళీ పిలుస్తావో లేదోనని."

ఆ పూట తాతయ్య కంచంలో నెయ్యి ఎక్కువ పడడం నేను చూశాను.

పడుకోబోయే ముందు నేను, నువ్వు ముందు నిలబడి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కాదు కదా మామ్మా అన్నాను. "ముందు నిలబడితే నా పని అయిపోద్ది. ఎనక నిలబడితే ఎవత్తీ మధ్యలో ఇంటికి జారుకోదు," అంది. ఆ మాట చెప్పి దీపం తగ్గించేసింది. నూనె ఊరికే రాదు.

మా పెట్టె మళ్ళీ ఒడ్డుకి పోలేదు. తర్వాతి ఎన్నికలకి రెండు పార్టీలవాళ్ళూ పంచెలు తడుపుకుంటూ మా రేవులో దిగారు. రాళ్ళు మాత్రం వెంటనే రాలేదు. మా కొబ్బరిచెట్లు ఇంకొన్ని నీళ్ళపాలయ్యాకే వచ్చాయి. అయినా వచ్చాయి, మిగిలిన లంక మిగిలింది. తాతయ్య ఆయువూ తగ్గలేదు. ఆ తర్వాత ప్రతి ఎన్నికలోనూ ఆ పడవ మీదే కూర్చుని, మామ్మ ఎప్పుడు పిలుస్తుందా అని చెవులు రిక్కించి ఉండేవాడు.

నేను మస్కట్ వచ్చిన కొత్తలో, ఈ దేశంలో ఉండడానికి ఇచ్చే కార్డు చేయించుకోవడానికి ఆఫీసుకి తీసుకెళ్ళారు. మన వైపు నుంచి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు నలుగురైదుగురున్నారు. కిటికీ అవతలి మనిషి అరబ్బీలో పేరడిగేసరికి బిక్కచచ్చిపోయి ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. నేను వాళ్ళందరినీ ముందు పెట్టి ఆఖర్న నిలబడ్డాను. అడిగేది పేరూ ఊరేనని పోల్చుకుని, ముందే కనుక్కున్న వాళ్ళ పేర్లూ ఊళ్ళూ వెనక నుంచి అందించాను. అప్పటి నుంచి ఈ దేశంలో ఆసుపత్రిలో గాని, హమ్రియా పోయే బస్సు దగ్గర గాని, నేను నిలబడే చోటు అదే. మా అమ్మాయి నీకెప్పుడూ ఆలస్యమేనమ్మా అని విసుక్కుంటుంది. విసుక్కోనీ. చదువు నాలుగో తరగతితో ఆగిన నాకు, అక్షరం రాని మామ్మ ఆ పూట నేర్పినది ఇన్నాళ్ళూ తిండి పెట్టింది, తలెత్తుకు నిలబెట్టింది. అందుకు ఆవిడకి రోజూ ఓ దణ్ణం పెట్టుకుంటాను.

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఏ కాగితానికో ఇక్కడి కిటికీల దగ్గర భర్త పేరు అడుగుతూనే ఉంటారు. నేను తడుముకోను. ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్తాను. చెప్పాక, లోపలివాళ్ళు రాసుకునే ఆ కాస్సేపూ, బయట గుమ్మం వైపు ఓ చెవి పెట్టి ఉంచుతాను.